పద్దెనిమిది నిమిషాల ఆదివారం

పెట్టెలోకి వెళ్లిన పదకొండో మనిషి వరహాలరావు. అతని కన్నా ముందు వెళ్లిన పదిమందీ ఆ ప్రయోగశాలలో పనిచేసేవాళ్లే. తమ డాక్టరు తయారుచేసిన యంత్రం కాబట్టి అందరూ బాగుందనే చెప్పారు. డాక్టర్ సుభాషిణికి ఆ మాటల మీద నమ్మకం కుదరలేదు. నిజంగా అలిసిపోయినవాడూ, తనంటే మొహమాటం లేనివాడూ ఒకడు దొరికితే బాగుండుననుకుంది.

ఆ రోజే ఆ భవనంలో లిఫ్టు ఆగిపోయింది. బాగుచేసిన మెకానిక్కు కిందికి దిగి, సంతకం కోసం కాగితం చాపి, ఆవిడ కలం తీసేలోపు గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయాడు. సుభాషిణి అతన్ని తట్టి లేపింది.

"ఎప్పుడు ఎక్కారు డ్యూటీ?"

"నిన్న పొద్దున్న ఎక్కేనండి. ఇంకా దిగలేదు. మధురవాడ టవర్లలో రోజుకి నాలుగు లిఫ్టులు ఆగిపోతాయండి."

"పద్దెనిమిది నిమిషాలు నాకోసం ఆగగలరా?"

ఆవిడ చూపించిన పెట్టె మనిషి పడుకునేంత పొడవుంది. లోపల మెత్తటి పరుపు, తలకి తొడిగే టోపీ, సన్నటి తీగలు. వరహాలరావు అన్ని పక్కల నుంచీ చూశాడు. మోటారెక్కడుందో, కరెంటు ఎటునుంచి వస్తోందో చూసుకోకుండా దేనిలోనూ కాలుపెట్టే అలవాటు అతనికి లేదు.

"ఇందులో ఏటుంటదండి?"

"ఒక ఆదివారం ఉంటుంది," అంది సుభాషిణి.

తర్వాత విడమర్చి చెప్పింది. మనిషి పనిచేస్తున్నంతసేపూ మెదడులో ఒక రకం మడ్డి పేరుకుంటుంది. సెలవురోజున ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు మెదడులో నెమ్మదైన అలలు లేచి ఆ మడ్డిని కొద్దికొద్దిగా కడిగేస్తాయి. అయితే ఒక అలకీ ఇంకో అలకీ మధ్య చాలా ఖాళీ ఉంటుంది. అందుకే ఆ పనికి ఒక రోజంతా పడుతుంది. ఈ యంత్రం చేసేదల్లా ఆ ఖాళీలు తీసేసి, అలల్ని ఒకదాని వెనక ఒకటి వరసగా పుట్టించడం. అలా పేరిస్తే తొమ్మిది గంటల విశ్రాంతి పద్దెనిమిది నిమిషాల్లో పడుతుంది.

"అయితే రాత్రి పడుకోవక్కర్లేదాండి?"

"నిద్ర జోలికి నేను పోలేదు. నిద్ర నిద్రే. సెలవురోజు చేసే పని మాత్రమే ఇది చేస్తుంది."

వరహాలరావు బూట్లు విప్పి పడుకున్నాడు. పద్దెనిమిది నిమిషాల తర్వాత మూత తెరుచుకుంది. లేచి కూర్చుని చేతులు ముందుకి చాపి చూసుకున్నాడు. భుజాల దగ్గర ఎప్పుడూ ఉండే సలుపు లేదు. గోడ మీద క్యాలెండర్లోని చిన్న అక్షరాలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఎలా ఉంది?" అంది సుభాషిణి, పుస్తకం చేతిలో పట్టుకుని.

"ఆకలేస్తందండి," అన్నాడు. "అన్నం తినడం మానలేదు గానీ, ఆకలేసి చాలా కాలమైందండి."

ఆవిడ ఆ మాటని అలాగే రాసుకుంది. ఎందుకు కనిపెట్టారమ్మా దీన్ని అని అతను అడిగితే తన చిన్నప్పటి సంగతి చెప్పింది. వాళ్ల నాన్న గోదాములో బస్తాలు మోయించే మేస్త్రీ. ఆదివారం వచ్చిందంటే పొద్దున్న టిఫిన్ తిని పడుకునేవాడు, దీపాలు పెట్టే వేళకి లేచేవాడు. పిల్లలు ఇంట్లో గుసగుసగా ఆడుకునేవాళ్లు.

"అలసట చప్పున తీరిపోతే ఆ రోజంతా మనిషికి మిగులుతుంది కదా! పెళ్లాంతో, పిల్లలతో, లేకపోతే ఒంటరిగా, వాళ్ల ఇష్టం. ఆదివారం మిగలాలి. అంతే నా కోరిక."

ఆ వారం వరహాలరావుకి ఆదివారం నిజంగానే మిగిలింది. భార్య కనకాన్ని తీసుకుని భీమిలి వెళ్లాడు. పడవలు ఒడ్డుకి రావడం చూశారు, వేయించిన చేప తిన్నారు, ఏమీ తొందర లేకుండా బస్సెక్కి ఇంటికొచ్చారు. ఆ పెట్టెలో పడుకోమని తెలిసినవాళ్లందరికీ చెప్పాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లలో విశాఖపట్నం మారిపోయింది.

మొదట ఫ్యాక్టరీలు పెట్టెల్ని కొన్నాయి. ఆ తర్వాత ఆస్పత్రులు, బస్సు డిపోలు, హోటళ్లు. కొన్నాళ్లకి బస్టాపుల్లో కూడా తాగునీటి కుళాయి పక్కన ఒక పెట్టె ఉండేది. పనిచేసే ప్రతి మనిషి చేతికీ ఒక బ్యాండు వచ్చింది. అది మెదడులోని అలల్ని పసిగట్టి, అలిసిపోతే ఎర్రగా, తేరుకుంటే పచ్చగా వెలుగుతుంది. ఎర్రగా ఉన్నవాణ్ణి పనిలో పెడితే యజమానిది తప్పు. కాబట్టి యజమానులే దగ్గరుండి పెట్టెలో పడుకోబెట్టేవాళ్లు. ప్రమాదాలు తగ్గాయి. గుండెపోట్లు తగ్గాయి. డాక్టర్ సుభాషిణి ఫోటో పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది.

ఆదివారం ఎప్పుడు పోయిందో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఇష్టమున్నవాళ్లు ఆదివారం కూడా రావచ్చన్నారు మొదట. తర్వాత రానివాళ్లని ఎందుకు రాలేదని అడగడం మొదలైంది. అలిసిపోయామని చెప్పడానికి లేదు, బ్యాండు పచ్చగా ఉంది. ఒళ్లు బాగాలేదని చెప్పడానికి లేదు, బ్యాండు అదీ చెబుతుంది. కార్మిక సంఘాలు సమ్మె చేశాయి గానీ, వాళ్లడిగింది వారానికి రెండుసార్లు పెట్టె కావాలని. ఆ కోరిక నెరవేరిన రోజు మిఠాయిలు పంచుకున్నారు. చివరికి నగరంలో పని వ్యవహారాలు చూసే మండలి తన నిబంధనల్లో ఒక వాక్యం చేర్చింది: అలసట గానీ, జబ్బు గానీ, తగిన కారణం గానీ లేకుండా పని మానడాన్ని బద్ధకం అంటారు. ప్రాణాలతో ముడిపడిన పనుల్లో ఉన్నవాళ్లు బద్ధకించారని తేలితే లైసెన్సు రద్దవుతుంది.

లిఫ్టు మెకానిక్కు పని ప్రాణాలతో ముడిపడిందే.

ఆగస్టులో ఒక బుధవారం. వరహాలరావు బూట్లు వేసుకున్నాడు, పనిముట్ల సంచి భుజాన తగిలించుకున్నాడు. వాన గట్టిగా పడుతోంది. కొంచెం తగ్గాక వెళదామని బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్నాడు. అరగంటకి వాన తగ్గింది. అతను లేవలేదు. ఇంకో పావుగంటకి పూర్తిగా వెలిసింది. ఎదుటి మేడ మీద నీళ్ల ట్యాంకు అంచున కాకి ఒకటి రెక్కలు విదిలించుకుంటోంది. అతను దాన్నే చూస్తూ సంచి దించి పక్కన పెట్టాడు. బూట్లు కూడా విప్పేశాడు.

ఫోను మోగింది. సూపర్‌వైజరు బెన్‌హర్.

"ఏం వరహాలూ, జ్వరమా?"

"లేద్సార్."

"నీ బ్యాండు కూడా పచ్చగానే ఉంది. మరి బయల్దేరలేదేం?"

"ఈవేళ రాను సార్. ఇంట్లో ఉంటాను."

"ఇంట్లో ఏం పని?"

"పనేం లేద్సార్."

బెన్‌హర్ చెడ్డవాడు కాదు. పదిహేనేళ్లుగా ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారు. ఇలాంటి జవాబుకి ఏమనాలో అతనికి తోచక ఫోను పెట్టేశాడు.

ఆ రోజు వరహాలరావు ఏం చేశాడని తర్వాత చాలామంది అడిగారు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కుర్చీని రెండుసార్లు నీడలోకి జరుపుకున్నాడు. ఉదయం వండిన అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాడు. కింద వీధిలో ఒకామె స్కూటరు స్టార్టు కాక ఎనిమిదిసార్లు కిక్కు కొట్టడం లెక్కపెట్టాడు. కాసేపు చిన్నప్పుడు తమ ఊళ్లో తాటిముంజెలు కొట్టి ఇచ్చే ముసలామె పేరు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. గుర్తు రాలేదు. రాకపోయినా బాధనిపించలేదు.

రెండున్నరకి కనకం వచ్చింది. ఆమె రొయ్యల ప్లాంటులో పొట్టు తీసే సెక్షన్లో పనిచేస్తుంది. ఐస్ మిషన్ పాడైందని ఆ రోజు తొందరగా వదిలేశారు. బాల్కనీలో మొగుణ్ణి చూసి గబగబా దగ్గరికి వచ్చింది.

"ఏటయింది? ఎక్కడన్నా పడ్డావా?"

"ఏం కాలేదు. ఊరికే ఉండిపోయాను."

ఆమె అతని చెయ్యి పట్టుకుని బ్యాండు చూసింది. పచ్చగా ఉంది. అప్పుడు కోపమొచ్చింది. వంటింట్లోకి వెళ్లి చూసొచ్చింది. కోపం ఇంకా పెరిగింది.

"నువ్వు ఊరికే ఉన్నావు సరే. సింకులో అంట్లు కూడా ఊరికే ఉన్నాయి. పొద్దున్నుంచి చల్లటి నీళ్లలో నిలబడి వచ్చాను నేను. నువ్వు కూర్చుంటే ఆ పని ఎవలు చేస్తారు? ఇల్లంతా కూర్చుంటదా నీతోపాటు? దీన్నే బద్ధకం అంటారు."

అందులో తప్పేమీ లేదని అతనికే అనిపించింది. "ఉండు, తోముతాను," అని లేవబోయాడు.

"ఇప్పుడు తోమితే నువ్వు పొద్దున్నుంచి కూర్చున్నది కూడా దండగైపోతాది. కూర్చో!" అని కసిరి, తడిసిన చెప్పులు విప్పుకోవడానికి గడప మీద కూర్చుంది. చెప్పులు విప్పింది. కాళ్లు చాపుకుంది. మళ్లీ వాన మొదలైంది.

ఆమె లేవలేదు.

ఏం మాట్లాడుకున్నారో తర్వాత ఇద్దరికీ పూర్తిగా గుర్తు లేదు. కాకినాడలో నర్సింగు చదువుతున్న కూతురు ఢిల్లీశ్వరి ఈమధ్య ఫోనులో గొంతు మార్చి మాట్లాడుతోందని అనుకున్నారు. పెళ్లైన కొత్తలో అద్దెకున్న గదిలో సున్నం పెచ్చులు అన్నంలో పడేవని గుర్తుచేసుకుని నవ్వుకున్నారు. మధ్యలో చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. వీధి దీపాలు వెలిగాక కనకం లేచి, ఉన్న అన్నంలోనే మాగాయ కలిపి ఇద్దరికీ పెట్టింది. అంట్లు మర్నాటిదాకా అలాగే ఉన్నాయి.

మర్నాడు ఆఫీసుకి వెళ్లాక గానీ అసలు సంగతి తెలియలేదు. వరహాలరావు చూడాల్సిన టవరులో ముందురోజు పదకొండింటికి లిఫ్టు పద్నాలుగో అంతస్తు దగ్గర ఆగిపోయింది. లోపల డెబ్భై ఏళ్ల పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. గాజువాక నుంచి ఇంకో మెకానిక్కు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆయనకేమీ కాలేదు గానీ బాగా భయపడ్డాడు. ఫిర్యాదు రాశాడు. మండలి విచారణ వేసింది.

వరహాలరావు ముందు ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి క్షమించమన్నాడు. ఆయన తలుపు తీసి, విని, "నలభై నిమిషాలు చీకట్లో ఉన్నానయ్యా! నువ్వేం చేస్తున్నావప్పుడు?" అని అడిగాడు.

"కూర్చున్నానండి," అన్నాడు వరహాలరావు. ఆయన తలుపు వేసేశాడు.

బెన్‌హర్ అతన్ని పక్కకి పిలిచాడు.

"చూడు వరహాలూ, నామాట విను. పెట్టె నీమీద సరిగ్గా పనిచెయ్యట్లేదని చెప్పు. బ్యాండు పచ్చగా ఉన్నా లోపల నీరసంగా ఉందను. అలాంటి కేసులు ఒకటీ అరా ఉన్నాయి. జబ్బు కింద రాసేస్తారు. ఇరవై రెండేళ్ల సర్వీసు. లైసెన్సు పోతే ఏం చేస్తావు?"

"అబద్ధం కదా సార్."

"అబద్ధమే. ఎవడికి నష్టం?"

వరహాలరావు ఆలోచించాడు. నష్టం ఎవరికీ కనిపించలేదు. అయినా ఆ మాట నోటికి వస్తుందో రాదో అతనికి తెలియలేదు.

విచారణకి ముందు అతన్ని పరీక్షించమని మండలి డాక్టర్ సుభాషిణికే అప్పగించింది. ఆవిడ జుట్టు తెల్లబడింది. అతన్ని చూడగానే గుర్తుపట్టింది.

"ఆకలేస్తోందన్నారు మీరు!"

రెండు గంటలు పరీక్షలు చేసింది. టోపీ తీసేసి ఎదురుగా కూర్చుంది.

"పెట్టె మీమీద చక్కగా పనిచేస్తోంది వరహాలరావు గారూ. ఆ రోజు మీకు అలసట లేదు."

"తెలుసండి."

"మరెందుకు ఇంట్లో కూర్చున్నారు?"

"అలిసిపోతేనే కూర్చోవాలేటండి?"

సుభాషిణి టోపీ తీగలు చుట్టి పక్కన పెట్టింది.

"అంటే నేను తెలీకే అడుగుతున్నానండి," అన్నాడతను నెమ్మదిగా. "అలసట కోసమే కూర్చోడమైతే మీ పెట్టె చాలు. నాకు అలసట లేదు. అయినా కూర్చోవాలనిపించింది. అది బద్ధకమే అయితే బద్ధకమే. నాకు వేరే పేరు తెలీదు. తమరు ఎప్పుడైనా కూర్చున్నారాండి, ఊరికే?"

"పెట్టె కనిపెట్టక ముందు," అంది ఆవిడ. "ఆదివారం మిగలాలనే కదా నేను దీన్ని చేశాను."

విచారణ మండలి ఆఫీసు మూడో అంతస్తులో జరిగింది. బల్లకి అటువైపు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన రిటైరైన ఇంజనీరు. ఆయన నిబంధన చదివి, "మీరు చేసింది బద్ధకమని ఒప్పుకుంటున్నారా?" అని అడిగాడు. వెనక కుర్చీలో బెన్‌హర్ ముందుకి వంగి కూర్చున్నాడు.

వరహాలరావు నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"పెద్దాయన లిఫ్టులో ఇరుక్కోవడం నా తప్పేనండి. రానని ముందురోజే చెప్పుంటే ఇంకొకళ్లని అక్కడ ఉంచేవాళ్లు. చెప్పకపోవడం తప్పు. దానికి ఏ శిక్ష వేసినా సరేనండి. ఇంటిపని మా ఆవిడ మీద పడేసి కూర్చోడం కూడా తప్పేనండి, అది ఆవిడే చెప్పింది. ఇంక వట్టినే కూర్చోడం తప్పా కాదా అంటే, అది నాకు తెలీదండి. నాకు నీరసం మాత్రం లేదు."

బెన్‌హర్ వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

అధ్యక్షుడు కలం తీశాడు. అప్పుడు సుభాషిణి లేచింది.

"ఒక్క మాట చెప్పాలి. ఆ రోజు ఈయన బ్యాండులో రికార్డైనదంతా చూశాను. మధ్యాహ్నం రెండున్నర నుంచి చీకటి పడేదాకా నాకు అర్థంకాని గీతలున్నాయి. అలసట తీరడానికీ వాటికీ సంబంధం లేదు. అలలకీ అలలకీ మధ్య ఖాళీలో వచ్చాయవి. పెట్టె తయారుచేసేటప్పుడు ఆ ఖాళీల్ని పనికిరానివని తీసేసింది నేనే. తొమ్మిది గంటల్ని పద్దెనిమిది నిమిషాలు చేసింది అలాగే. అందులో ఏముందో నేను చూడలేదు. చూడకుండా ఈయన్ని బద్ధకస్థుడని రాస్తే, రాసినవాళ్లదే తప్పు కావచ్చు."

ముగ్గురూ పక్కగదిలోకి వెళ్లి గంటసేపు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చి తీర్పు చదివారు. ముందుగా చెప్పకుండా మానేసినందుకు మందలింపు. బద్ధకం సంగతి తేలేదాకా లైసెన్సు రద్దు చేయరు. అయితే అది తేలడానికి ప్రతి బుధవారం వరహాలరావు ఇంట్లోనే ఉండి, డాక్టరు పర్యవేక్షణలో ఏమీ చేయకుండా కూర్చోవాలి. అది డ్యూటీ కిందే లెక్క. ఆ గీతలు మొదలైంది భార్య వచ్చిన తర్వాత కాబట్టి మధ్యాహ్నం నుంచి ఆమె కూడా ఉండాలి.

"కూర్చోమని ఆర్డరిచ్చారా!" అంది కనకం, కాగితం రెండుసార్లు చదివించుకుని. "బుధవారం వంట, అంట్లు నీవి. పొద్దున్నే చేసేసి కూర్చో. అలాగైతేనే వస్తాను."

అతను ఒప్పుకున్నాడు.

మొదటి బుధవారం ఇద్దరూ టోపీలు పెట్టుకుని బాల్కనీలో బిగుసుకుపోయి కూర్చున్నారు. లోపలి గదిలో సుభాషిణి అసిస్టెంటు తెర ముందు కూర్చుని, "సహజంగా ఉండండి మేడమ్," అని పావుగంటకోసారి చెప్పింది. ఒక్క గీత కూడా రాలేదు. కనకం చేతులకి ఏమీ తోచక పక్కింటివాళ్ల చిక్కుడుకాయలు అడిగి తెచ్చి ఈనెలు తీసింది. అది పని కిందికి వస్తుందని అసిస్టెంటు రాసుకుంది. రెండో వారమూ అంతే. మూడో వారం కనకం ప్లాంటుకే పోతానంది.

నాలుగో వారం గొడవపడ్డారు. కనకం తమ్ముడి గృహప్రవేశానికి వరహాలరావు ఐదేళ్ల కిందట రాలేదన్న విషయం మీద. డ్యూటీ ఉంది కదా అని అతనన్నాడు. ఎవరికి లేదు డ్యూటీ అని ఆమె అంది. ఐదేళ్లుగా ఈ మాట ఎందుకు అడగలేదని అతనంటే, అడగడానికి నువ్వెప్పుడు దొరికావని ఆమె అంది. తర్వాత ఇద్దరూ చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. తలల మీద టోపీలున్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు. లోపలి గదిలో అసిస్టెంటు కుర్చీలోంచి లేచి నిలబడి సుభాషిణికి ఫోను చేసింది.

ఆ తర్వాత ప్రతి బుధవారమూ గీతలు వచ్చాయి. మొత్తం పదహారు వారాలు. వరహాలరావుకి మునుపు లేని అలవాటొకటి వచ్చింది, మంగళవారం సాయంత్రం నుంచే మర్నాటి కూర గురించి ఆలోచించడం. కనకం బుధవారాల్లో ప్లాంటు నుంచి ఆటోలో వచ్చేది, బస్సు కోసం ఆగకుండా.

పదిహేడో వారం సుభాషిణి స్వయంగా వాళ్లింటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మీరు బద్ధకస్థులు కారు వరహాలరావు గారూ! రుజువైంది. ఆ ఖాళీలో ఉన్నది వ్యర్థం కాదు. అదేమిటో పూర్తిగా చెప్పలేను గానీ, అది లేకపోతే మనుషులు పక్కవాళ్లకి దూరమవుతారు. మండలి ఒప్పుకుంది. నిబంధనలో ఆ వాక్యం మారుస్తున్నారు."

కనకం లోపల్నుంచి టీ తెచ్చింది. వరహాలరావు చేతులు జోడించాడు.

"అయితే సెలవులు మళ్లీ వస్తాయాండి?"

"అంతకన్నా మంచిది," అంది సుభాషిణి. "ఆ గీతల్ని కూడా పెట్టెలోకి ఎక్కించగలిగాను. మీ ఇద్దరి రికార్డుల్నుంచే. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. ఇరవై మూడు నిమిషాలు."

వరహాలరావు గ్లాసు కింద పెట్టాడు.

"మరి మా బుధవారం?"

"ఇక అవసరం లేదు," అని, అతని ముఖం చూసి ఆవిడ గొంతు తగ్గించింది. "ఒక్క మాట ఆలోచించండి. ఇంట్లో కూర్చునే వీలు ఎప్పటికీ రానివాళ్లు ఎంతమంది ఉన్నారు? ఆస్పత్రి నర్సులు, రైలు నడిపేవాళ్లు, ఇంట్లో మంచంలో ఉన్నవాళ్లని చూసుకునే ఆడవాళ్లు. వాళ్లందరికీ మీ మధ్యాహ్నం అందుతుంది. వద్దంటారా?"

అందులో ఒక నర్సు తన కూతురే అవుతుంది. అతను వద్దనలేకపోయాడు. అంగీకారం కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు.

కొత్త పెట్టెలు సంక్రాంతి దాటాక వచ్చాయి. నగరమంతా మెచ్చుకుంది. బస్టాపులో పెట్టెలోంచి బయటికొచ్చినవాళ్లు ఎవరో తమని పలకరించినట్టు చిన్నగా నవ్వుకుంటూ బస్సెక్కేవాళ్లు. "మా ఆవిడతో దెబ్బలాటలు తగ్గాయి వరహాలూ," అని బెన్‌హర్ భుజం తట్టాడు. "ఇంట్లో మునపటంత సేపు ఉండకపోయినా ఏదీ లోటనిపించదు." మండలి కూడా మాట నిలబెట్టుకుని నిబంధన మార్చింది. ఇప్పుడందులో ఇలా ఉంది: ఊరికే కూర్చోవడం మనిషి హక్కు, ఆ హక్కును ప్రతి యజమానీ ఇరవై మూడు నిమిషాలపాటు కల్పించాలి.

వరహాలరావు ఆ పెట్టెలోకి వెళ్లలేదు. పాత పెట్టెల్లో రెండు ఇంకా మూలపడి ఉంటే వాటిలోనే పడుకునేవాడు. నెలరోజులు అలా గడిచాక బెన్‌హర్‌ని కలిసి, వచ్చే బుధవారానికి తన బదులు గాజువాక మెకానిక్కుని ఒప్పించానని, ఆ పెద్దాయన ఉండే టవరు లిఫ్టులు ముందురోజే చూసేస్తానని చెప్పాడు. బెన్‌హర్‌కి ఎందుకో అర్థం కాలేదు గానీ సరేనన్నాడు.

అక్కడినుంచి నేరుగా రొయ్యల ప్లాంటుకి వెళ్లాడు. షిఫ్టు మారే వేళ. గేటు పక్కన కొత్త పెట్టెలు వరసగా ఉన్నాయి. ఒకదాని మూత తెరుచుకుని కనకం బయటికొచ్చింది. అతన్ని చూసి ఆమె ముఖం విప్పారింది. అంత ప్రసన్నంగా ఆమెని అతను ఈమధ్య చూడలేదు.

"ఇలా వచ్చావేటి?"

"బుధవారం సెలవు చెప్పాను. అన్నీ ముందే చూసుకున్నాను, ఎవరికీ ఇబ్బంది లేదు. వంట, అంట్లు నేనే. నువ్వు కూడా రెండింటికి వచ్చేయకూడదూ?"

"ఎందుకు?"

"ఊరికే."

కనకం జుట్టు మీద వల సర్దుకుంటూ అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, వెటకారం లేదు. కడుపు నిండినవాళ్లు ఇంకొంచెం వడ్డించబోయే మనిషిని చూసినట్టు చూసింది.

"ఇప్పుడే కదా ఇందులోంచి వచ్చాను. అచ్చం నీ పక్కన కూర్చున్నట్టే ఉంది. తీరిపోయింది," అంది. "ఈవేళ సాయంత్రం షిఫ్టు కూడా ఒప్పుకున్నాను. నువ్వు తినేసెయ్."

సైరను మోగింది. ఆమె అతని చెయ్యి ఒకసారి ప్రేమగా నొక్కి, లోపలికి వెళ్లిపోయింది. పెట్టెల దగ్గర వరసలో నిలబడ్డవాళ్లు, అతనూ పెట్టె కోసమే వచ్చాడనుకుని, ముందుకి జరగమని వరహాలరావుకి సైగ చేశారు.